చీనా బీరువా ఉస్తాద్

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున కంఠేశ్వర్ నుంచి ఫోనొచ్చింది. ఉస్తాద్ పోయారని ఆయన కోడలు చెప్పింది. నాకు పని నేర్పిన మనిషి. బీడీలు చుట్టుకునే నన్ను, నా వేళ్ల ఒడుపు చూసి, పాత చెక్కసామాను బాగుచేసే తన దుకాణంలోకి పిలిచారు.

పోచంపాడ్ జాలర్ల దగ్గర చేపల పొట్టలోని గాలితిత్తులు తెచ్చి, ఉడికించి తనే జిగురు కాచేవారు. ఆ వాసనకు ఇంట్లోవాళ్లు గొణిగేవారు. "బజార్ల జిగురు ఒక్కసారి అంటితే మల్ల ఊడది. రేపు ఇంకొకడు బాగుజెయ్యాలె గద" అనేవారు ఉస్తాద్.

ఒక వానాకాలం బోధన్ దగ్గరి రైతు ఇంటినుంచి చీనా బీరువా వచ్చింది. కోస్తానుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. చెట్టుపాలు పూత మీద పూత వేసిన నల్లటి లక్క, దాని మీద బంగారు కొంగలు. ఇల్లు కురిసి తలుపు మీద లక్క పొలుసుల్లా లేచింది. ఎవరో థిన్నర్‌తో తుడిస్తే ఒక కొంగ చెరిగిపోయింది కూడా. దాన్ని మళ్లీ గీసి, అంతా మెరిపించమన్నాడు రైతు. ఉన్నది నిలబెడతాను, లేనిది గీయనన్నారు ఉస్తాద్.

లేచిన పొలుసును కాస్త వెచ్చచేసి, కిందికి సన్న కుంచెతో జిగురు పంపి, మెల్లగా అదిమి, పైన ఇసుక మూట పెట్టాలి. రోజంతా చేస్తే జానెడు సాగేది. తొమ్మిదోరోజు, పొలుసు మెత్తబడకముందే అదిమాను. టిక్కుమంది. కొంగ మెడ దగ్గరి గోరంత ముక్క నా వేలికి అంటుకుని వచ్చేసింది. పిడికిలి మూశాను.

అప్పుడే రైతు పని చూడడానికి వచ్చి తలుపు మీదికి వంగాడు. ఉస్తాద్ నా పిడికిలి వైపు చూశారు. చివరికి నేనే విప్పి చూపించాను.

"నా శేతుల ఇరిగింది సార్."

రైతు ముఖం మాడిపోయింది. "మా నాన్నగారి వస్తువండీ ఇది. నేర్చుకునేవాళ్ల చేతికి ఎలా ఇచ్చారు?" అన్నాడు. బీరువా ఇప్పుడే తీసుకుపోతానన్నాడు.

"పని నేనే ఇచ్చిన, తప్పు నాది" అన్నారు ఉస్తాద్. "గిప్పుడు కదిలిస్తె లేసినయన్ని రాల్తయి. గా బిడ్డనే అతికిస్తది. కూసోని సూడుండ్రి."

రైతు కూర్చున్నాడు, నేను ముక్క వెనక జిగురు రాశాను. చేయి కదలకుండా ఉస్తాద్ మడిచిన తువ్వాలు నా మణికట్టు కింద పెట్టారు. ముక్క ఒదిగింది. పైన ఇసుక మూట పెట్టాను. మూడోరోజు తీస్తే నిలిచింది, వెంట్రుకంత గీత మాత్రం మిగిలింది. నల్లరంగుతో కప్పుదామన్నాను. వద్దన్నారు. గీత ఎక్కడుందో, ఎలా వచ్చిందో కాగితం మీద నా చేతనే రాయించి రైతుకిచ్చారు.

ఇప్పుడు ఉస్తాద్ దినాలయ్యాక బోధన్ వెళ్లి రైతుకు కబురు చెప్పాను. ఆయన లేచి, చేతులు తుడుచుకుని, నన్ను బీరువా దగ్గరికి తీసుకెళ్లాడు. బయట చెరకు ట్రాక్టరు వెళ్తుంటే తలుపు సన్నగా అదిరింది. అది దాటిపోయేదాకా ఆయన అరచేతిని ఆ తలుపుకు ఆనించే ఉంచాడు.