పగలేని దయ్యం

ఈ విశ్వంలో మనిషిని పట్టించుకునే నాథుడు లేడని ఆయన గట్టి నమ్మకం. ఇంట్లో ఆయన పరిస్థితి చూసినవాళ్ళెవరూ ఆ నమ్మకాన్ని తప్పుపట్టలేదు. కళ్ళద్దాల దుకాణంలో "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా" అని అడుగుతూ అద్దాలు మార్చడం ఆయన ఉద్యోగం. ఖాళీ దొరికితే కథలు రాసేవాడు. అన్నీ భయానక కథలే. అయితే వాటిలో జుట్టు విరబోసుకున్న ఆడవాళ్ళు ఉండరు. నక్షత్రాల అవతల ఏదో ఒకటి ఉంటుంది. దానికి ముఖం ఉండదు, మనమంటే లక్ష్యం ఉండదు. అది ఒకసారి ఒత్తిగిలితే సముద్రాలు ఒలికిపోతాయి. అంతే కథ. బంధువులు ఆయనకు శూన్యం అని ముద్దుపేరు పెట్టారు. భార్య మొదటి కథంతా ఓపిగ్గా విని, "బాగుందండీ, ఇంతకీ ఏం జరిగింది?" అంది.

ఆ కథల్ని పుస్తకంగా వేయడానికి ఒక ప్రచురణకర్త దొరికాడు. పిల్లలకు పరీక్షల గైడ్లు వేసే మనిషి. ఆయన కార్యాలయం రెండు గదులు. ఒకదానిలో అమ్ముడుపోని గైడ్లు, రెండోదానిలో ఆయన. సాహిత్యసేవ చేయాలన్న కోరిక అప్పుడప్పుడు జలుబులా పట్టుకునేది.

"గురువుగారూ, రాత అద్భుతం. చిన్న అనుమానం. దీనికి పగ ఎవరిమీద?"

"ఎవరిమీదా లేదండీ."

"మరెందుకొచ్చింది?"

"రాలేదు. మొదటినుంచీ ఉంది. మధ్యలో వచ్చింది మనమే."

ప్రచురణకర్త కథ కాయితాలు తిరగేశాడు. "పోనీ, చిన్నప్పుడు దీనికేదో అన్యాయం జరిగిందందామా?"

"దానికి చిన్నతనం లేదండీ."

"చివర్లో చస్తుందా?"

"మనం చస్తాం."

ప్రచురణకర్త నిట్టూర్చి, ఆ సాహిత్యపు జలుబు ఇంకా తగ్గకపోవడంతో పుస్తకం వేశాడు. అట్టమీద ఎర్రకళ్ళ పుర్రె వెలిసింది. అది కంటికి కనిపించనిదని రాశాను కదా అని రచయిత వాపోతే, కనిపించనిది వేస్తే అట్ట ఖాళీగా ఉంటుందండీ అన్నాడు బొమ్మలాయన.

పుస్తకాన్ని ఎవరూ కొనలేదు. విశ్వం నిజంగానే పట్టించుకోలేదు. తన సిద్ధాంతం రుజువైనందుకు ఆయన సంతోషించాలి. ఎందుకోగానీ ముఖం వేలాడేసుకుని తిరిగాడు.

అప్పుడు ఆయన మేనత్త పుస్తకం చదివింది. చదివి, చేతిసంచితో సహా తిన్నగా దుకాణానికి వచ్చింది.

"ఏరా, నీకు నేనేం ద్రోహం చేశాను?"

"ఏమైందత్తా?"

ఆమె పుస్తకం తెరిచి చదివింది. "అది కదలదు. ఎవరినీ పలకరించదు. చుట్టూ ఉన్నవన్నీ దానిచుట్టే తిరుగుతాయి. మా హాల్లో సోఫాలో కూర్చునేది ఎవర్రా?"

"అత్తా, అది పాలపుంతకంటే పెద్దది."

"లావని కూడా అంటున్నావన్నమాట."

కళ్ళపరీక్షకు కూర్చున్న మనిషి అక్షరాల పలక వదిలేసి ఆమెవంక చూశాడు. ఆమె అతనికి కూడా ఆ పేజీ చూపించింది.

ఆమె అంతటితో ఆగలేదు. తనకు జరిగిన అవమానానికి సాక్ష్యంగా ప్రచురణకర్త దగ్గర పుస్తకాల కట్టలు తెప్పించి, బంధువులందరికీ పంచింది. పంచినవి చాలక కొందరు కొనుక్కున్నారు. తోడల్లుడు ఇంకో కథలోని ఒళ్ళంతా నోళ్ళున్న జీవిలో తనను గుర్తుపట్టి మాట్లాడడం మానేశాడు. దానివల్ల కొంత మేలే జరిగింది. చిన్నాన్న మాత్రం తాను ఏ కథలోనూ లేనందుకు అలిగాడు. "అంత పెద్ద విశ్వంలో నాకు చోటు దొరకలేదట్రా?"

ప్రచురణకర్త ఫోన్ చేశాడు. "గురువుగారూ, మళ్ళీ అచ్చు వేస్తున్నా. మీవైపు బంధువులు ఇంకా మిగిలారా?"

మనిషికి విలువలేదని చెప్పడానికి రాసిన పుస్తకంలో అందరూ తమని మాత్రమే వెతుక్కున్నారు. కాదని వాదించాలనుకున్నాడు. కానీ తన రాత గురించి ఇంట్లో ఇంతమంది మాట్లాడుకోవడం అదే మొదలు.

చివరికి మేనత్త ఇంటికి క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్ళాడు. ఆమె సోఫాలోంచి లేవలేదు.

"రాస్తే రాశావు. అన్ని పేజీలూ నన్ను ఊరికే పడుకోబెట్టావేంట్రా? రెండు మాటలు మాట్లాడించకూడదూ?"

ఆయన తల ఊపి వచ్చాడు. రెండో పుస్తకంలో అది మాట్లాడింది, ఒకే ఒక్కసారి. చీకట్లో దారితప్పి, ఉన్నదంతా మరిచిపోయిన మనిషి దానిముందు నిలబడతాడు. అది అడుగుతుంది: "నువ్వెవరబ్బాయివి?" వాడు ఎంత వెతుక్కున్నా జవాబు దొరకదు.

ప్రూఫులు చూస్తూ ప్రచురణకర్త ఆ పేజీ దగ్గర ఆగిపోయాడు. "ఇక్కడ మాత్రం నిజంగా భయమేసిందండీ" అన్నాడు.

మేనత్త చదివి, "పెద్దవాళ్ళు అడిగితే చెప్పడేం, వెధవ" అంది.