నరసింహుడి కళ్ళకు లారీ బల్బులు

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో మా ఆయన గొంతు పోయింది. బేతంచెర్ల దగ్గర నాపరాతి గనిలో పదిహేనేళ్ళు రాయి కొట్టిన మనిషి. ఆ దుమ్మంతా గొంతులోనే కాపురం పెట్టింది. రాయి కొట్టడానికి గొంతుతో పని లేదు. కానీ ఏడాదికొకసారి మా ఊళ్ళో ఆడే ప్రహ్లాద నాటకంలో నరసింహస్వామి కర్ర ముఖం తలకు కట్టుకునేది ఆయనే. మా మామ తర్వాత ఆ వంతు ఆయనకొచ్చింది. స్తంభం పగలగానే గర్జించాలి. ఆయన గర్జించబోతే దగ్గొచ్చేది.

ఆ ఏడు ఊరిపెద్ద మా గడప ముందు నిలబడి, "ఏమప్పా, నీ అరుపు మూడో వరసకు గూడా రాల్యా. ఈ తూరీ ఇంతే అయితే ముఖం మీ చిన్నాయన కొడుక్కు కట్టాల్సొస్తాది" అని చెప్పిపోయాడు. మా ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. కూలి మనిషికి ఊళ్ళో తలెత్తుకుని నిలబడడానికి ఉన్నది ఏడాదిలో ఆ ఒక్క సాయంత్రం. అది కూడా పోతే ఆయన బతకడని నాకు తెలుసు.

స్వామి వచ్చింది పగలూ రాత్రీ కాని వేళ కాబట్టి మా ఊళ్ళో ముఖం సందెవేళే కడతారు. ఆ మసకలో కర్ర ముఖానికి రంగుతో దిద్దిన కళ్ళు వెనకవాళ్ళకు కనబడేవి కావు.

"గొంతు ఎట్లా పాయ. కండ్లన్నా మండల్ల" అన్నాడు ఆయన.

నా పుట్టింట్లో లక్కగాజులు చేసేవాళ్ళు. నాకు ఆ పని చేతిలో పనే. లక్కలో గుగ్గిలం కలిపి కరిగించి, బంకమట్టి అచ్చుల్లో పోసి, వెనకవైపు దీపం పట్టేంత గుంట వదిలి రెండు కళ్ళు తీశాను. ఎండకు ఎత్తి పట్టుకుంటే ముదురు తేనెలా మెరిశాయి. ఇక లోపల ఏ దీపం పెట్టాలన్నదే మిగిలింది.

నాపరాళ్ళు తోలే లారీ డ్రైవరు మాకు తెలిసినవాడు. టార్చిలైటు బల్బులు రెండు, లారీ ముందు దీపాల బల్బులు రెండు, ఒక బ్యాటరీ, పొడుగాటి తీగ తెచ్చిచ్చాడు. పట్టపగలు గింజల గదిలో తలుపులు మూసి, కిటికీకి కంబళి కట్టి చూశాం. టార్చి బల్బు పెడితే కళ్ళు నిద్రమత్తులో ఉన్నట్టు ఎర్రగా మినుకుమన్నాయి. లారీ బల్బు పెట్టగానే గోడ మీద పిడకల మచ్చలు కూడా కనబడ్డాయి. నేను చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది. చెయ్యి పెట్టిన ఆ రెండు క్షణాలే చూశాను.

మా ఆయన తేల్చుకోలేక, "లక్క సంగతి నీకే తెలుసు. నువ్వే చెప్పు" అన్నాడు.

లక్కకు ఎండే పగ, వేడి తగిలితే కారిపోతుందని మా అమ్మ పని నేర్పుతూ చెప్పేది. ఆ మాట నాకు గుర్తొచ్చింది కూడా. కానీ ఊరిపెద్ద భార్య బావి దగ్గర నన్ను చూసి నవ్విన నవ్వు అంతకంటే ముందు గుర్తొచ్చింది. నాకు పొగరెక్కువ. లారీ బల్బులే పెట్టమన్నాను.

కళ్ళు అమర్చి పూజ చేశాక ముఖాన్ని ఆడది ముట్టరాదు. ఆయన తలకు కట్టాక, హిరణ్యకశిపుణ్ణి చంపి హారతి ఇచ్చేదాకా ఆ ముడి ఎవరూ విప్పరాదు, కట్టుకున్నవాడైనా సరే. మాకు అది చెప్పి నేర్పే సంగతి కాదు.

సందెవేళ స్తంభం పగిలింది. కళ్ళు వెలిగాయి. జనం లేచి నిలబడ్డారు. నేను తెర పక్కన, ముఖానికి తీగ పోయే బ్యాటరీకి రెండడుగుల దూరంలో నిలబడి ఊరిపెద్ద భార్య మొహం కోసం వెతుకుతున్నాను. కాసేపటికి ముఖం చెంప మీద ఎర్రటి చార దిగింది. స్వామి కళ్ళ నెత్తురు కారుతోందని ఎవరో అన్నారు. గోవింద కొట్టారు, నేల మీద పడి మొక్కారు. అది నెత్తురు కాదని అంతమందిలో నాకొక్కదానికే తెలుసు. బయటికి ఇంత కారితే లోపలికి ఎంత కారుతోందో కూడా తెలుసు. ఆయన చూసే సందులు సరిగ్గా ఆ కళ్ళ కిందే ఉన్నాయి.

అప్పుడు ఆయన అరిచాడు. ఎన్నేళ్ళకో ఆయన గొంతు చివరి వరస దాకా వినబడింది.

ముఖం లాగెయ్యాలని నా చేతులు ముందుకు పోయాయి. ఆడదాన్ని, ముట్టరాదు. విప్పమని కేక వేశాను. డప్పుల్లో కలిసిపోయింది. హారతి అయ్యేదాకా ఆయన చెయ్యి ఒక్కసారి కూడా ముడి దగ్గరికి పోలేదు.

వైద్యుడు ఆముదం పోసి లక్క ఊడదీశాడు. ఎడమ కన్ను దక్కింది. కుడి కన్ను పోయింది. ఊరిపెద్ద వచ్చి, స్వామే గొంతు తిరిగిచ్చాడనీ, వంతు ఇక మార్చే మాటే లేదనీ చెప్పిపోయాడు.

మరునాడు పొద్దున డ్రైవరు బ్యాటరీ కోసం వచ్చాడు. తీగ చుట్టి ఇద్దామని తెర పక్కకు పోయాను. రాత్రి తొక్కిన తొక్కుడుకి తీగ మట్టిలో దిగి ఉంది, దాని మీద నా మడమ అచ్చు. డ్రైవరు వంగి రెండు వేళ్ళతో లాగితే బ్యాటరీ నుంచి ఊడొచ్చింది. ముఖాన్ని ముట్టరాదు, ముడి విప్పరాదు. తీగ ముట్టరాదని ఎవరూ ఎప్పుడూ అనలేదు.