రేపు మాస్టారు, కష్టమైన రికార్డరు

ఆ వీధిలో టైలర్‌ని సొంత పేరుతో పిలిచే పాపాన ఎవరూ పోలేదు. చొక్కా ఎప్పుడిస్తారంటే "రేపు" అంటాడు. మర్నాడు వెళ్ళి అడిగినా "రేపు" అనే అంటాడు. అందుకని పిల్లా పెద్దా అందరికీ ఆయన రేపు మాస్టారు. ముందుగదిలో కుట్టుమిషను, పక్కన గుడ్డలు కత్తిరించే బల్ల, ఎదురుగా గోడకి టీవీ. మనిషి మంచివాడే. కాకపోతే మధ్యాహ్నం భోజనం చేసి ఆ బల్లమీద నడుం వాల్చాడా, మూడింటిదాకా ఇల్లు కూలినా లేవడు.

ఆయన భార్యకి ఆసుపత్రి లాండ్రీలో పని. పొద్దున వెళితే సాయంత్రం ఆరింటికి రావడం. ఆమెకి ప్రాణమైన సీరియల్ ఏమో సరిగ్గా రెండింటికి వస్తుంది. "మీరెలాగూ ఇంట్లోనేగా ఉండేది, కాస్త చూసి చెప్పండి" అంది ఏడాది కిందట. "ఓస్, దానికేం భాగ్యం!" అన్నాడు మాస్టారు. అని, మొదటిరోజే నిద్రపోయాడు. సాయంత్రం ఆమె వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని "ఊఁ, ఏమైంది?" అంటే ఏం చెప్పాలి? నోటికొచ్చింది చెప్పాడు. అత్తగారు బీరువా తాళాలు పోగొట్టి కోడలిమీదకి తోసిందన్నాడు. ఆమె బుగ్గన వేలేసుకుంది.

ఇంకేం, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. రోజూ అల్లడమే. చిన్నకోడలికి మతిమరుపు తెప్పించాడు. పెద్దకొడుకుని ఓడెక్కించాడు. నెల కిందట విసుగెత్తి ఆ అత్తగారిని చంపేశాడు. ఆ పూట భార్య అన్నం సగంలో వదిలేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. మనిషన్నవాడు సిగ్గుపడాలా వద్దా? ఈయన పొంగిపోయాడు! అయితే ఆ గయ్యాళి పోయాక కథలో పస తగ్గింది. ఎంత గుంజినా సాగలేదు. "ఇవాళ పెద్దగా ఏం జరగలేదే" అనడం మొదలైంది. అయినా సాయంత్రం కథ చెప్పే ఆ అరగంట కోసమే ఆయన రోజంతా మిషను తొక్కేవాడు. పెళ్ళయిన ఇరవైఆరేళ్ళలో భార్య తన మాట చెవులప్పగించి వినడం అదే మొదలు మరి.

అలాంటిది ఒకనాడు ఆమె, "ఆదివారం వెళ్ళి టీవీ రికార్డరొకటి పట్రండి. సీరియల్ అందులో ఎక్కించుకుందాం. వాడటానికి తేలిగ్గా ఉండాలి సుమా! నొక్కితే ఎక్కాలి, నొక్కితే కనపడాలి, అంతే" అంది.

మాస్టారు తొక్కుతున్న మిషను ఆగిపోయింది. అది ఇంట్లోకొచ్చిందంటే చచ్చిన అత్తగారు తెరమీద చిలకలా తిరుగుతుంది. ఏడాదిపాటు చెప్పిందంతా అబద్ధమని తేలిపోతుంది. ఆ పైన తన మాట ఎవరు వింటారు, తన దగ్గర ఎవరు కూర్చుంటారు? రెండు ఆదివారాలు "రేపు" అని నెట్టుకొచ్చాడు. మూడో ఆదివారం ఆమె సంచి చేతికిచ్చి గుమ్మందాకా సాగనంపింది. సగం దారిలో ఆయనకి బుర్ర వెలిగింది. తేలికది కొంటేగా ఆమె వాడగలిగేది!

షాపులో అమ్మాయి చలాకీది. "ఇది చూడండి అంకుల్. ఒక్క ఎర్ర బటన్ నొక్కితే చాలు. చిన్నపిల్లలు కూడా వాడేస్తారు."

"అబ్బే, మరీ ఇంత సులువా? ఇంతకంటే కష్టమైనది లేదామ్మా?"

"కష్టమైనదా?" ఆ అమ్మాయి తెల్లమొహం వేసింది. "ఎక్కువ పనులు చేసేదా అంకుల్?"

"పనుల సంగతి వదిలెయ్. నాలుగురోజులు కుస్తీపట్టి, ఇక నావల్ల కాదని మనిషి వదిలెయ్యాలి."

ఆమె లోపలికి వెళ్ళి దుమ్ముకొట్టుకుపోయిన డబ్బా ఒకటి తెచ్చింది. "దీన్ని ముగ్గురు కొన్నారండీ. ముగ్గురూ వారం తిరక్కుండా తిరిగిచ్చేశారు."

మాస్టారు రిమోట్ అందుకుని బటన్లు లెక్కపెట్టాడు. యాభైరెండు. వాడే విధానం రాసిన పుస్తకం తలకింద పెట్టుకుంటే దిండు అక్కర్లేదు. "బంగారంలా ఉంది, కట్టెయ్ తల్లీ!" అన్నాడు.

"ఏదైనా అర్థం కాకపోతే ఫోన్ చెయ్యండి అంకుల్."

"నేను కాదు, మా ఆవిడ చేస్తుంది. ఎత్తకు."

ఇంటికొచ్చాక ఆమె పుస్తకం ముట్టుకోను కూడా లేదు. రిమోట్ అటూ ఇటూ తిప్పి చూసి, టిక్కుటిక్కుమని అయిదు నిమిషాలు నొక్కింది. "అయిపోయింది. ఇక రోజూ రెండింటికి దానంతట అదే ఎక్కించుకుంటుంది."

"నీకెలా వచ్చిందే?" మాస్టారి గొంతు పీలగా వచ్చింది.

"మా లాండ్రీలో పెద్ద మిషనుకి డెబ్భై బటన్లు. రక్తం మరకకి ఒకటి, మందు మరకకి ఒకటి. పదేళ్ళనుంచీ దాన్ని నడిపేది నేనేగా!"

ఆయనకి తెలియదు. మహానుభావుడు, పదేళ్ళలో ఒక్కసారైనా అడిగితేగా! "మరి తేలికది తెమ్మన్నావు?"

"నాకోసమా? పగలు ఇంట్లో ఉండేది మీరు కదండీ!"

సోమవారం సాయంత్రం ఆమె బకెట్లో కాళ్ళు పెట్టుకుని రిమోట్ నొక్కింది. తెరమీద అత్తగారు నిక్షేపంలా నిలబడి వంటమనిషిని దులిపేస్తోంది. మాస్టారు బొత్తాం ఏదో పడిపోయినట్టు మిషను కిందకి వంగాడు. వంగినవాడు లేవలేదు.

ఆమె బొమ్మని అక్కడే ఆపింది. "ఏమండీ, ఈవిడ పోయి నెలైంది కదూ?"

"అదీ... ఆ టైముకి కాస్త కన్నంటుకుని..."

"తెలుసు లెండి, లేచి రండి. మొదటివారమే తెలిసింది. మా లాండ్రీలో పొద్దుటి షిఫ్టు చేసే వదిన ఒంటిగంటకే ఇంటికెళ్ళి చూసి, మర్నాడు పూసగుచ్చినట్టు చెబుతుంది."

"మరి ఈవిడ పోయిందంటే అన్నం కూడా తినలేదు?"

"నవ్వాగితేగా తినడానికి! పెరట్లో గోడ పట్టుకుని నవ్వాను."

మాస్టారికి కోపం రావాల్సింది, రాలేదు. "మరి ఈ డబ్బా ఎందుకు కొనిపించావే?"

ఆమె నీళ్ళలోకి చూస్తూ అంది: "నెల్రోజులుగా 'ఏం జరగలేదు' అంటున్నారు. మీ కథలో ఓడెక్కినవాడు మర్నాడే వంటింట్లో కాఫీ తాగుతున్నాడు. గుడ్డ లేకుండా మీరు మాత్రం ఎన్నాళ్ళు కుడతారు? నిద్రలేచాక అసలుది చూసుకుని, మీకు కావలసినట్టు కత్తిరించుకుంటారని. మీరు చెప్పడం మానేస్తే, ఆరింటికి ఇంటికొచ్చి నేనేం చెయ్యను?"

మాస్టారు అప్పటికి మిషను కిందనుంచి లేచాడు. ఆమె టీవీ కట్టేసింది. "ఊఁ, చెప్పండి. ఏమైంది?"

"ఆవిడ పోలేదే. పోయింది ఆవిడ కవల అక్క" అన్నాడు మెల్లగా.

"అమ్మో! మరి ఈవిడ ఇన్నాళ్ళూ ఎక్కడుంది?"

"అది రేపు." స్టూలు ఆమె దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "ముందు నువ్వు చెప్పు. రక్తం మరకకి ఏ బటన్?"

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. వేళాకోళం కాదని తేల్చుకున్నాక, "చన్నీళ్ళది నొక్కాలి. వేడినీళ్ళు తగిలితే మరక ఇక చచ్చినా పోదు" అని మొదలుపెట్టింది. డెబ్భై బటన్లలో పదకొండోదానిదాకా వచ్చేసరికి బకెట్లో నీళ్ళు చల్లారిపోయాయి. మాస్టారే లేచి వేడినీళ్ళు తెచ్చి పోశాడు.