బీరకాయకు సున్నం బొట్టు

ఎనభైల నాటి మాట. గ్రాంట్ రోడ్‌లో వర్లి బస్సు ఎక్కినప్పుడు నా చేతిలో ఒక బీరకాయ ఉంది. కామాటిపురాలో మేముండే వరసగదుల చాల్ గ్యాలరీ మరమ్మతు చేస్తూ, నూనెడబ్బాలో నేను పెంచిన తీగను కూలీలు ఆ పొద్దునే పీకేశారు. మా అత్త పాలమూరు నుంచి తెచ్చుకున్న విత్తనం అది. ఆమె పోయాక ఆ తీగే మిగిలింది. విత్తనానికని వదిలిన ఆ ఒక్క కాయా సగమే ఎండింది. ఇంట్లో వదిలితే దాన్నీ ఊడ్చిపారేస్తారని వెంట తెచ్చుకున్నాను.

పక్కన కూర్చున్న పెద్దావిడ కాయను చూసి, "ఇత్తనాలకా, బిడ్డా?" అంది.

"అవునక్కా. కూలోళ్ళు తీగ పీకేసిన్రు. కచ్చా కాయ, ఖరాబ్ అయితదేమో," అన్నాను. అప్పుడు చూశాను, ఆమె కాళ్ళనిండా సిమెంటు.

"మా అసొంటోళ్ళే పీకుంటరు," అని ఆమె గాజుకున్న పిన్నీసు తీసింది. కాయ కొనను తొలిచి, ఒక గింజను లాగి నా అరచేతిలో పెట్టింది. నల్లగా ఉంది.

"గింజ ముదిరింది. ఇంకేం ఫికర్? నీడకు ఏలాడదియ్యి."

ఆ గింజను గుప్పిట్లో దాచుకున్నాను. ఆమె తంబాకు డబ్బీ తెరిచి, పురుగు దూరకుండా ఆ చిల్లిని వేలితో సున్నం అద్ది మూసింది. తన స్టాపు రాగానే దిగిపోయింది.

ఆ గింజలు మొలిచాయి. ఇప్పటికీ ప్రతి ఏడూ విత్తనం కాయ కొనకు సున్నం బొట్టు పెడతాను.

"చిల్లి ఎక్కడుంది?" అని మా అమ్మాయి మరాఠీలో అడుగుతుంది.

చిల్లి లేదు. అయినా పెడతాను.