కొంగ మార్కా బస్తాలు

మా గది కింద షావుకారి గింజల దుకాణం. మిరపకాయల బస్తా విప్పిన రోజున మేడ మీద మేమిద్దరం తుమ్ముతూనే బొమ్మలు వేసేవాళ్ళం. కందులు చెరిగిన రోజున తడి రంగు మీద పొట్టు వచ్చి అంటుకునేది. కోదాడలో ఒక బట్టల కొట్టుకు వేసిన బోర్డు మీద పట్టుచీర అంచంతా అలాగే పొట్టు పట్టి మిలమిలలాడితే, కొట్టాయన వేలితో తడిమి చూసి, "భలే కుదిరిందండీ, అచ్చం జరీలాగే ఉంది. ఎట్లా చేశారండీ?" అని మురిసిపోయాడు. నేను నిజం చెప్పబోతే నా మిత్రుడు నా కాలు తొక్కాడు.

సూర్యాపేటలో అది మా దుకాణం. మా అంటే నాదీ, ఆ షావుకారి ఒక్కగానొక్క కొడుకుదీ. ఇద్దరం హైదరాబాదులో బొమ్మలు వేయడమే చదువుగా చదివి పట్టాలు పుచ్చుకొని వచ్చినవాళ్ళం. మాది గరిడేపల్లి దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. "పట్నం పోయి సదివి సదివి, గోడలకు సున్నమేస్తున్నడు" అని మా చిన్నాయన వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పుకొని నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండేది. మేం వేసేది సున్నమా? దుకాణాల బోర్డులు, పెండ్లి పత్రికల మీది బొమ్మలు, టాకీసులో ఆట మధ్యలో చూపించే గాజు పలకల ప్రకటనలు, సబ్బు పొట్లాల మీది పూలు. ఏ పని వచ్చినా ముందు కాగితాల మీద రకరకాలుగా గీసి, గోడకు అంటించి, చాప మీద వెల్లకిలా పడుకొని వాటి వంకే చూస్తూ ఉండేవాళ్ళం. చూడటం కూడా పనేనని మా నమ్మకం. కింది నుంచి షావుకారు కేకేసేవాడు.

"పైన సప్పుడు లేదు, ఏం చేస్తున్నర్రా?"

"ఆలోచన చేస్తున్నం నాయినా."

"పండుకొనా?"

మా దుకాణానికి పేరు మాత్రం కుదరలేదు. అతను చెప్పింది నాకు నచ్చదు, నేను చెప్పింది అతనికి నచ్చదు. చివరికి గుమ్మం మీది బోర్డుకు నీలం రంగు పూసి, పేరు తర్వాత రాద్దామని వదిలేశాం. ఊళ్ళో వాళ్ళు మమ్మల్ని "నీలం బోర్డోళ్ళు" అనడం మొదలుపెట్టాక ఇక రాసే పనే లేకపోయింది.

ఇప్పుడు తలుచుకుంటే ఆ గదిలో ఎప్పుడూ పొద్దుటి పూటే ఉండేదనిపిస్తుంది. తూర్పు కిటికీలోంచి ఎండ పడేది. ఆ ఎండలో పొట్టు, దుమ్ము, రంగుల పొడి కలిసి మెల్లగా తేలుతూ ఉండేవి. నా మిత్రుడు పని ఆపేసి ఆ దుమ్మును చూస్తూ కూర్చునేవాడు. అతను మాట్లాడటం నెమ్మది, నడవడం నెమ్మది, అన్నం తినడం మరీ నెమ్మది. నాది ముక్కు మీద కోపం. బోర్డు ఇవ్వాల్సిన వాయిదా దగ్గరపడుతుంటే అతను రాని రంగు కోసం గిన్నెలో గిన్నె కలుపుతూ ఉండేవాడు. నేను అరిచేవాణ్ణి. "ఆగరా, ఇగ వస్తది" అనేవాడు. నిజంగానే కాసేపటికి వచ్చేది. ఆ రంగు చూశాక నా కోపం ఎక్కడికి పోయేదో తెలియదు. అట్లాంటి సుఖం నేను మళ్ళీ ఏ పనిలోనూ ఎరగను.

సాగర్ కాలువ నీళ్ళు మిర్యాలగూడ పొలాలకు అందిన కొత్త రోజులవి. ఎవరి నోట విన్నా వరి మాటే. జొన్నలు, కందులు కొని అమ్మే షావుకార్లందరి చూపూ బియ్యం మిల్లుల మీద పడింది. మా షావుకారు కూడా మిర్యాలగూడలో మిల్లు కట్టించడం మొదలుపెట్టాడు. గోడలు ఎంతవరకు లేచాయో చూసి రమ్మని ఒకనాడు మమ్మల్ని పంపాడు. గోడలు నేను చూశాను. నా మిత్రుడు కాలువ గట్టు మీదే కూర్చుండిపోయాడు.

నేను తిరిగి వచ్చేసరికి అతని ఎదురుగా మడిలో, మోకాలి లోతు కూడా లేని నీళ్ళలో, ఒక కొంగ నిలబడి ఉంది. అది కదలడం లేదు. అతనూ కదలడం లేదు. ఎండ దిగిపోతూ నీళ్ళు నీలమయ్యాయి. మడి ఎక్కడ ముగిసిందో ఆకాశం ఎక్కడ మొదలైందో కనిపించలేదు. గట్టిగా పిలవబోయినవాణ్ణి, నేనూ పోయి పక్కన కూర్చున్నాను. అక్కడ ఎంతసేపు ఉన్నామో, సూర్యాపేటకు ఏ బస్సులో చేరామో నాకు గుర్తు లేదు. ఆ నీళ్ళు మాత్రం గుర్తున్నాయి.

మిల్లు పూర్తి కావస్తుండగా షావుకారు మేడ ఎక్కి వచ్చాడు. అంతకు ముందు ఆయన ఎన్నడూ పైకి రాలేదు. కూర్చుందామంటే ఎక్కడ చూసినా తడి బోర్డులే. నిలబడే మాట్లాడాడు.

"బస్తాల మీదికి మార్కా గావాలె. బయటోళ్ళకు చెప్తలేను, మీకే చెప్తున్న. మీ మార్కా మిల్లుకు అచ్చొస్తే ఈ దుకాణం మీరు నడుపుకోండ్రి, నేను అడ్డం రాను. అచ్చిరాకుంటే ఈ కుంచెలన్నీ మూటగట్టి నువ్వొచ్చి మిల్లుల కూసోవాలె. నాకున్నది నువ్వొక్కనివే గదా."

ఆయన మాటలో కోపం లేదు. తన తర్వాత మిల్లు చూసేదెవరన్న దిగులే ఉంది. నా మిత్రుడు మిల్లులో కూర్చుంటే మా దుకాణం ముగిసినట్టే. అక్షరాలు రాయడం, రంగు నింపడం నేను ఒక్కణ్ణయినా చేయగలను. కాగితం మీద మొదటి గీత గీసేది మాత్రం ఎప్పుడూ అతనే.

అప్పటి మిల్లుల మార్కాలన్నీ ఏనుగులు, సింహాలు, పద్మాలు. మా వాడు ఆ కొంగను గీశాడు. నీలం నీళ్ళు, రెండు పచ్చని వరి వెన్నులు, మధ్యలో కొంగ. కొంగకు రంగు లేదు. చుట్టూ నీలం పూస్తే, గోనె రంగే కొంగ ఆకారంలో మిగులుతుంది. రేకు మీద బొమ్మ కత్తిరించి, దాన్ని బస్తాకు ఆనించి, పైన రంగు రుద్దడం ఆ పని పద్ధతి. చుట్టూ నీళ్ళంతా కత్తిరించేస్తే మధ్యలో కొంగ ఊడి కింద పడుతుంది కదా! ఆ చిక్కుకు విరుగుడు నేనే కనిపెట్టాను. దాని సన్నని కాళ్ళనూ, పొడుగు ముక్కునూ రేకు అంచుదాకా సాగనిచ్చాం. కొంగ తన కాళ్ళ మీద తానే నిలబడింది. ఆ రోజు మేమిద్దరం పిల్లల్లా గంతులేశాం. కింది నుంచి షావుకారు, "ఇయ్యాల పండుకోలేదా?" అని అరిచాడు.

బొమ్మ చూసి ఆయన తల పట్టుకున్నాడు. "కొంగ ఏందిరా? షేపలు తినేదాన్ని తెచ్చి మన మిల్లు మీద పెడ్తవా? కొంగ జపం చేస్తున్నరని బజారంత నవ్వుతరు."

"నవ్వనీ నాయినా. నవ్వినోళ్ళు మర్చిపోరు."

ముహూర్తం ముంచుకొచ్చింది, వేరే మార్కాకు వ్యవధి లేదు. మొదటి బస్తాకు పసుపు కుంకుమ పెట్టి, ఆయనే స్వయంగా రేకు పట్టుకొని నిలబడితే, కొడుకు రంగు రుద్దాడు. రేకు ఎత్తగానే నీళ్ళలో కొంగ కనిపించింది. షావుకారు తన చేతి మీది నీలం మరకను కడుక్కోకుండా అందరికీ చూపిస్తూ తిరిగాడు.

బియ్యం బాగా అమ్ముడుపోయాయి. తిరుమలగిరి, తుంగతుర్తి దాకా లారీలు పోయాయి. కొంగ మార్కా అంటే తెలియని దుకాణం లేదు. మేం గెలిచామనుకున్నాం. నేనైతే దుకాణానికి పేరు రాసేద్దామని బోర్డు దించాను కూడా.

అప్పుడు షావుకారు రెండోసారి మేడ ఎక్కాడు.

గింజల వ్యాపారంలో ఖాళీ బస్తా తిరిగి రావడం ఒక మర్యాద. ఊరి దుకాణందారు మళ్ళీ సరుకుకు వచ్చేటప్పుడు పాత బస్తాలు మడతపెట్టి తెస్తాడు. వాటిలోకే మళ్ళీ బియ్యం పోస్తారు. అమ్మింది బియ్యమే గాని బస్తా కాదు. మిగతా మిల్లుల బస్తాలన్నీ ఎప్పటిలాగే వస్తున్నాయి. కొంగ మార్కావి మాత్రం పోయినవి పోయినట్టే. ముఖ్యంగా తిరుమలగిరి వైపు నుంచి ఒక్కటీ రాలేదు. అక్కడి దుకాణందారు, "అడిగితే ఇస్తలేరు సేటూ, ఇండ్లల్ల పెట్టుకుంటున్నరు" అని చేతులెత్తేశాడట. బస్తా మీది బొమ్మ ఎంత అందంగా ఉండాలో ఆలోచించాం గాని, అది మరీ అందంగా ఉంటే ఏమవుతుందో మాకు తట్టనేలేదు.

"బియ్యం అమ్ముడువోయింది బియ్యం మంచిగుండి. బస్తా రాకపోయింది మీ మార్కా మంచిగుండి" అన్నాడు షావుకారు. "గిట్లయితే మిల్లు నడవదు. మీరే పోయి అడిగి తెండ్రి. తెస్తే మార్కా ఉంటది, మీ దుకాణం ఉంటది. తేకుంటే మార్కా తీసేస్త. నువ్వు మిల్లుకు రావాలె."

ఎండాకాలం. తిరుమలగిరి బస్సులో కిటికీ కమ్మి ముట్టుకుంటే చురుక్కుమంది. దారికి రెండు పక్కలా ఎర్రటి చేలు, ఎండిన పత్తి కట్టె. ఆ మెట్ట నేలకు కాలువ రాలేదు. బావుల్లో నీళ్ళు అడుగంటి ఉన్నాయి. అక్కడ రోజూ తినేది జొన్న గటకే. పెండ్లికో పండుగకో మాత్రం బియ్యం బస్తా కొంటారు. దుకాణందారు చూపించిన మొదటి ఇంటికి పోయాం. ఇంట్లో ఒక ముసలావిడ ఒక్కతే ఉంది.

గుమ్మానికి మా బస్తా వేలాడుతోంది. కుట్లు విప్పి, వెడల్పుగా చేసి, పరదాలా కట్టారు. ఎండ లోపలికి రాకుండా ఆమె దాని మీద చెంబుతో నీళ్ళు చల్లుతోంది. తడిసిన గోనె మీద నీలం చిక్కబడి నిగనిగలాడింది. గాలికి పరదా కదిలితే నీళ్ళు కదిలాయి. నీళ్ళలో కొంగ నిలబడి ఉంది. నాకు ఆ మిర్యాలగూడ సాయంత్రమే మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చినట్టయింది. పక్కకు తిరిగి చూస్తే నా మిత్రుడు నోరు తెరుచుకొని నిలబడ్డాడు.

"కొడుకు పెండ్లికి తెచ్చినం బిడ్డా" అంది ఆమె. "నీళ్ళు సల్లితే పానం సల్లగయితది. కాలువ ఎట్లుంటదో మేం సూడలే. గిట్లనే ఉంటదా?"

కాలువ నీళ్ళు బురదగా ఉంటాయని నాకు తెలుసు. నేను నోరు తెరిచేలోపే అతను, "గిట్లనే ఉంటదవ్వా" అన్నాడు.

వచ్చిన పని నేనే చెప్పాను. ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఆమె ముఖం చిన్నబోయింది. మునివేళ్ళ మీద లేచి పరదా ముడి విప్పబోయింది. "మీదైతే తీస్కపోండ్రి అయ్యా."

నా మిత్రుడు ఆమె చేతిని పట్టుకొని ఆపాడు. "వద్దవ్వా. వీనికి తెల్వదు. మేం ఊకె సూసిపోదామని వచ్చినం." విప్పిన ముడిని తనే మళ్ళీ గట్టిగా కట్టాడు. ఇంకో ఇంటికి పోనే లేదు. నేరుగా బస్సు దగ్గరికి నడిచాడు.

బస్సులో నాకు దుఃఖం, కోపం కలిసి వచ్చాయి. "నీ జిందగీ తీస్కపోయి ఆ తలుపుకు కట్టి వస్తున్నవ్ రా" అన్నాను. అతను కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. సూర్యాపేట దాకా నేను తిడుతూనే వచ్చాను.

దుకాణంలో షావుకారు మా ఖాళీ చేతులు చూశాడు. "దొరకలేదా?"

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. మళ్ళీ వెతుకుతామని ఇంకొన్నాళ్ళు గడిపేవాళ్ళం. అతను అబద్ధమాడలేదు. "దొరికినయ్ నాయినా. నేనే తేలేదు. గాడ మంచిగున్నయ్."

షావుకారు తిట్టలేదు. "పొద్దుగాల్ల మొదటి బస్సుకు మిర్యాలగూడ పోదాం, తయారుండు" అని మాత్రం అన్నాడు.

తెల్లవారి బస్టాండుకు పోయాను. తండ్రి పక్కన కిటికీ దగ్గర కూర్చున్నాడతను, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, ఎవరో కొత్త మనిషిలా. నేను ఇంకా ముఖం మాడ్చుకొనే ఉన్నాను. అతను తల బయటికి పెట్టి మెల్లగా చెప్పాడు.

"ఇన్ని బొమ్మలేసినం గదరా. ఒక్కటన్న ఎవరైన సూస్తరా లేదా అని నాకెప్పుడు పరేషానే ఉండె. నిన్న ఆ అవ్వ సూసింది. నాకు సాలురా."

"నాకు సాలదు" అన్నాను. బస్సు కదిలింది. ఆ తర్వాత అతను కుంచె పట్టలేదు. మిల్లు బాగానే నడిపాడు. ఎప్పుడు కలిసినా నవ్వుతూనే పలకరించేవాడు. అతనికి చాలిందన్నది నిజమే కావచ్చు. నాకు మాత్రం ఈ రోజుకీ చాలలేదు.