కార్తీక సోమవారం, షుగర్ మాత్ర

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడు, నా పదవీ విరమణ ఇంకా రెండేళ్లుందనగా, ఖరగ్‌పూర్‌లోని ఒక ధర్మాసుపత్రిలో నన్ను షుగర్ క్లినిక్‌కు సిస్టర్ ఇన్‌ఛార్జ్‌గా వేశారు. ఇన్‌ఛార్జ్ అంటే స్టాఫ్ నర్సులకు పైన, మేట్రన్‌కు కింద. పనంతా మనది, పెత్తనం మాత్రం పైవాళ్లది. క్లినిక్ మంగళ, శుక్రవారాల్లో జరిగేది.

మాకొచ్చే రోగుల్లో చాలామంది తెలుగువాళ్లే. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే వర్క్‌షాప్ పనులకొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు. మగవాళ్లకు బెంగాలీ, హిందీ బాగానే వస్తాయి. ముసలమ్మలకు గోల్‌బజార్‌లో చేప బేరమాడేటంత బెంగాలీ వస్తుంది గానీ, డాక్టరుతో ఒంట్లో బాధ చెప్పుకునేటంత రాదు. నేనూ వాళ్లలోంచి వచ్చినదాన్నే, కానీ ఇంజెక్షన్ ట్రే వదిలి ప్రతివాళ్ల పక్కనా నిలబడలేను కదా.

ఆ ఏడాదే ఊళ్లోని ఒక కాలేజీ తన విద్యార్థులను మా దగ్గరికి సేవకు పంపింది. కొత్త డిగ్రీ చదువులో సమాజసేవ కూడా ఒక భాగమట. నేనేమీ సంతోషించలేదు. సర్టిఫికెట్ కోసం వచ్చే పిల్లలు ఫోన్లు చూసుకుంటూ బెంచీలు అరగదీస్తారని నా అనుభవం. వాళ్లలో గౌరి అనే అమ్మాయి ఒక్కతే ఫోను సంచిలో పెట్టుకుని వచ్చేది. ఫిజియాలజీ రెండో ఏడు చదువుతోంది, తండ్రి వర్క్‌షాప్‌లో వెల్డరు. తెలుగు ముసలమ్మల దగ్గర కూర్చుని డాక్టరు చెప్పింది తెలుగులో, వాళ్లు చెప్పింది బెంగాలీలో చెప్పడం ఆ పిల్ల పని. వాలంటీర్లకు మా నియమం ఒక్కటే. విన్నది చెప్పాలి, సొంతంగా ఏదీ కలపకూడదు.

కార్తీకమాసం మొదలైన వారం, శుక్రవారం నాడు, ఊళ్లోని ఝపటాపూర్ బస్తీ నుంచి చిట్టెమ్మ అనే ఆవిడ వచ్చింది. ఎప్పుడొచ్చినా అన్నీ సవ్యంగా ఉన్నాయనే చెప్పే మనిషి. మాత్ర ఒక్కరోజు కూడా మానవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, గౌరి అదే తెలుగులో చెప్పింది. బయట బెంచీ మీదకు వచ్చాక చిట్టెమ్మ అసలు సంగతి గౌరి చెవిలో వేసింది. మొన్న సోమవారం నక్షత్రం చూసేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదట. పొద్దున వేసే మాత్ర మాత్రం వేసుకుందట. మధ్యాహ్నానికి చెమటలు పోసి కళ్లు తిరిగాయట. చెప్పి, ఒట్టు వేయించుకుంది.

"సిస్టరమ్మకి సెప్పకు పిల్లా. తిట్టేస్తాది."

మా తెలుగువాళ్లే చెయ్యగల పొరపాటు ఇది. డాక్టరు మాట కాదనరు, శివుడి మాట కాదనరు. ఖాళీ కడుపున ఆ మాత్ర పడితే రక్తంలో షుగర్ ప్రమాదం వచ్చేటంత పడిపోతుంది. గౌరి ఆ పాఠం చదివింది. అయినా ఒట్టు తప్పలేక నాకు చెప్పలేదు.

ఆ తర్వాతి సోమవారం గౌరికి ఇందా అనే పేటలో ఉన్న తన కాలేజీలో ఇంటర్నల్ పరీక్ష. ఆ మార్కులు ఏడాది చివరి లెక్కలో కలుస్తాయి. పరీక్షకని బయల్దేరిన పిల్ల ఉండబట్టలేక ముందు ఝపటాపూర్ వెళ్లింది. చిట్టెమ్మ దేవుడి పీట పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. జాకెట్టు చెమటకు తడిసిపోయి ఉంది, మాట తడబడుతోంది. మాత్ర పొద్దున్నే వేసేసుకుంది. పంచదార నీళ్లు కలిపి ఇస్తే మొహం తిప్పేసుకుంది.

"నచ్చత్రం సూడకుండా నానేటీ ముట్టను."

గౌరి వాదించలేదు. గ్లాసు తీసుకెళ్లి శివుడి పటం ముందు పెట్టి, ఒక మారేడాకు వేసి, దణ్ణం పెట్టి తెచ్చింది. "తీర్థం మామ్మా, కాదనకూడదు" అంది. తీర్థానికి ఉపవాసం చెడదు. చిట్టెమ్మ గ్లాసంతా తాగింది. తర్వాత గౌరి ఆటోలో ఆవిడను మా ఆసుపత్రికి తీసుకొచ్చింది. అప్పటికీ షుగర్ తక్కువే ఉంది. మాత్ర ప్రభావం చాలాసేపు ఉంటుంది కాబట్టి సాయంత్రం దాకా గ్లూకోజు పెట్టి ఉంచాం. తేరుకున్నాక ఆవిడ నన్నడిగిన మొదటి మాట, ఉపవాసం చెడిందా అని. నేను జవాబు చెప్పేలోపు తనే తేల్చుకుంది.

"సీసాలోది నోట్లోంచి ఎల్లనేదు కదమ్మా."

డాక్టరమ్మ ఉపవాసాలు పూర్తిగా మానెయ్యమంది. గౌరి ఆ మాట తెలుగులో చెప్పకుండా నా వైపు తిరిగింది. "మానెయ్యమంటే అలాగేనంటాది సిస్టర్. మానదు. మనకి సెప్పడం మానేస్తాది." నేను ఆ మాట ఉన్నదున్నట్టు డాక్టరమ్మకు చెప్పాను. ఆవిడ ఉపవాసం రోజుల్లో పొద్దుటి మాత్ర వద్దని, రాత్రి భోజనంతో వేసుకోమని చీటీ మార్చి రాసింది.

మర్నాడు గౌరి తండ్రి వచ్చాడు. పరీక్ష పోయింది, మళ్లీ పెట్టాలంటే కాలేజీకి కారణం చూపాలి.

"ఒక్క ముక్క రాసియ్యండమ్మా, పిల్ల మీ డ్యూటీలో ఉందని. మీ పనికేగా ఎల్లింది."

రాయలేదు. సోమవారం మాకు క్లినిక్ లేదు, ఆ పిల్ల డ్యూటీలో లేదు. లేని డ్యూటీ రాస్తే రేపు నా సంతకానికి విలువుండదు. నేనే కాలేజీకి వెళ్లి, విభాగాధిపతికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, టీ తెప్పించాడు, అమ్మాయిని మెచ్చుకున్నాడు. జబ్బు చేస్తే గానీ, ఇంట్లో ఎవరైనా పోతే గానీ మళ్లీ పరీక్ష పెట్టే నిబంధన లేదన్నాడు. సేవ కూడా చదువులో భాగమే అని పంపింది మీరే కదా అన్నాను. అవునుగానీ ఆ మార్కులు వేరు, ఈ మార్కులు వేరు అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. టీ తాగకుండా లేచి వచ్చాను.

గౌరి ఇక రాదనుకున్నాను. శుక్రవారం మామూలుగానే వచ్చి, ముసలమ్మల మధ్య కూర్చుంది. చిట్టెమ్మ మిగతా సోమవారాలన్నీ ఉపవాసం ఉంది. మాత్ర మాత్రం నక్షత్రం చూసి, అన్నం తిన్నాకే వేసుకుంది.

నేను రిటైరయ్యేదాకా మా క్లినిక్‌లో ఉపవాసం ఉంటున్నారా అని ఎవర్నీ అడగనివ్వలేదు. అలా అడిగితే లేదనే అంటారు. ఏయే రోజులు ఉపవాసం, ఆ రోజు మళ్లీ ఎప్పుడు తింటారు అని అడగాలి. అప్పుడు మనం తిట్టమని వాళ్లకు తెలుస్తుంది, వేళ్లు మడిచి అన్నీ చెబుతారు. మాత్ర సంగతి ఆ తర్వాతే. ఇలా అడగడం మాకు నేర్పింది గౌరి. నేర్పినందుకు మార్కులు పోయిందీ గౌరికే.