పెడన షెడ్డులో గాలీ వెలుతురూ

జనం ఎలా బతుకుతున్నారో, ఎలాంటి చోట పని చేస్తున్నారో తెలుసుకునే ప్రభుత్వ సంస్థలో నాది కాంట్రాక్టు ఉద్యోగం. ఆఫీసు మచిలీపట్నంలో. ఎక్కడికి వెళ్ళాలన్నా ముందుగా నోటీసు పంపాలని మా రూలు. అంచేత మేం వెళ్ళేసరికి నిజం తలంటు పోసుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండేది.

పెడనలో ఒక కలంకారీ అద్దకం షెడ్డుకి అలాగే వెళ్ళాను. యజమాని ఎదురొచ్చి కొబ్బరిబోండాం చేతిలో పెట్టాడు. లోపల బల్లల వెంబడి ఆడవాళ్ళు చెక్క అచ్చులు రంగులో ముంచి గుడ్డ మీద అద్దుతున్నారు. రేకుల కప్పు కింద కొత్త ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. ఒకదాని రెక్కకి ప్లాస్టిక్ కవరు ఇంకా వేలాడుతూనే ఉంది.

"ఇక్కడ గాలీ వెలుతురూ ఎలా ఉన్నాయమ్మా?" అని ఒక పెద్దావిణ్ణి అడిగాను.

"ఇవాళ చాలా బాగున్నాయండీ."

నా ట్యాబ్‌లో జవాబుల కింద 'చాలా బాగున్నాయి' ఉంది. 'ఇవాళ' అన్న మాటకి చోటు లేదు. మా ఆఫీసరుగారికి ఫోన్ చేశాను.

"చూసింది రాయండమ్మా, ఊహించింది రాయకండి," అన్నారాయన.

చూసిందే రాశాను. బయల్దేరుతుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "మళ్ళీ ఎప్పుడొస్తారండీ?" అంది.

"ఎందుకమ్మా?"

"మీరున్నంతసేపూ ఆయన ఫ్యాన్లు ఆపడు కదండీ!"

నిజానికి మళ్ళీ వెళ్ళే పనే లేదు. సర్వే అంతటితో సరి. అయినా యజమానికి వినపడేలా, "వస్తామమ్మా. ఈసారి చెప్పకుండా వస్తాం," అన్నాను. ఆయన మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ, కళ్ళు మాత్రం స్విచ్చి బోర్డు వైపు వెళ్ళాయి.

తర్వాత మా రిపోర్టు అచ్చయింది. పని చోట గాలి సంతృప్తికరంగా ఉందని అందులో రాశారు. దాన్ని ఆవిష్కరించిన రోజు మా ఆఫీసులో కరెంటు పోతే, అందరం ఆ రిపోర్టుతోనే విసురుకున్నాం.

ఎండలు ముదిరాక, ఒక సెలవు రోజున అమ్మకి దుప్పటి కొందామని పెడనలో ఆ షెడ్డుకే వెళ్ళాను. సందు మలుపులో నన్ను చూశాడో లేదో, ఆ యజమాని లోపలికి తిరిగి కేకేశాడు: "మేడమ్ గారొస్తున్నారు, ఫ్యాన్లు వెయ్యండి!"

"సర్వేకి కాదండీ, దుప్పటి కోసం వచ్చాను," అన్నాను.

"అలాగేనండీ, అలాగే," అన్నాడు, ఒక్క ముక్క నమ్మకుండా.

ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. ఆడవాళ్ళు కొంగులతో మెడలు తుడుచుకుంటూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకుంటున్నారు. ఆ పెద్దావిడ కుర్చీ తెచ్చి షెడ్డు మధ్యలో వేసి, "నిదానంగా చూసుకోండమ్మా, తొందరేం లేదు," అంది.

మొదట చూపించిన దుప్పటే నచ్చింది. అయినా సాయంత్రం ఎండ చల్లబడేదాకా, అలమారాలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే విప్పించి చూశాను.